గురవమ్మ ఏరిన రాళ్లు

పెంచలయ్య సోమవారం పొద్దుటి బస్సుకు ఊరికి వస్తాడని తేలింది శుక్రవారం నాడు. బెంగళూరు నుంచి బొమ్మలు వేసేవాళ్లు శని, ఆదివారాలు గడపడానికి వస్తారని తేలింది అంతకు నెల ముందే. ఈ రెండు సంగతులకూ ఒకదానితో ఒకటి పని లేదు. కానీ మా ప్రాంతంలో ఏ సంగతి పోయి ఏ సంగతికి తగులుకుంటుందో ముందే చెప్పగలిగిన మనిషిని నేను ఇన్నేళ్లలో చూడలేదు. ఆ మూడు రోజులూ నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు. అర్థమైనంత మటుకు రాస్తున్నాను.

పెంచలయ్య గురవమ్మ మొగుడు. కథ గురవమ్మది.

ఆమెది తొండూరుకు దగ్గరలోని నల్లగుట్టపల్లె. గొర్రెలు కాసుకునే ఇంట్లో పుట్టి, గొర్రెలు కాసుకునే ఇంటికే కోడలుగా వచ్చింది. మంద కరిగిపోయాక ద్రాక్షతోటలో కూలికి కుదిరింది. 2003 నాటికి నలభై రెండో నలభై మూడో ఉంటాయి. అడిగితే, "పెద్ద కరువుకు ముందర పుట్టినానంట సార్" అనేది. ఏ కరువు అంటే, "మనకు ఏ కరువు చిన్నది సార్?" అని నన్నే అడిగేది.

నల్లగుట్టపల్లెకూ కొత్తపల్లెకూ మధ్య ఒక ఎండిన వంక. ఈ గట్టున నిలబడి కేకేస్తే ఆ గట్టున వినపడుతుంది. తొంభై అయిదులో పంచాయతీ ఎన్నికల నాడు రెండు ఊళ్ల మధ్య రాళ్లు లేచాయి. కొత్తపల్లె చెన్నకేశవ ఎడమ కన్ను ఆ రోజు పోయింది. రాయి వచ్చిన మిద్దె మీద ఆరుగురు మగవాళ్లున్నారు. ఎవరి రాయో చూసినవాళ్లు లేరు. కానీ మంద విడిచి పోయే గొర్రెను కొమ్ము పక్కగా రాయి వేసి మళ్లించగలిగిన గురి పెంచలయ్యది. అందుకని ఆ కన్నును అతని పేరు మీద వేశారు. కేసు కోర్టులో నిలవలేదు, ఊళ్లో నిలిచింది. పెంచలయ్య ప్రొద్దుటూరు పోయి గుడ్డల అంగళ్లలో మూటలు మోస్తూ ఎనిమిదేళ్లు అక్కడే ఉండిపోయాడు. నెలకొకసారి గురవమ్మ జొన్నరొట్టెలు మూటకట్టుకుని పోయి చూసి వచ్చేది.

ఆ ఎనిమిదేళ్లూ రెండు ఊళ్లవీ రెండు పార్టీలు. 2002 చివర్లో కొత్తపల్లె వాళ్ల నాయకుడు కండువా మార్చి ఇటు పార్టీలోకి వచ్చాడు. రెండు ఊళ్లకూ ఒకే జెండా అయింది. నిన్నటిదాకా జెండాను చూసి ఎవరితో మాట్లాడాలో, ఎవరికి పక్కకు తప్పుకోవాలో తేల్చుకునేవాళ్లు. ఇప్పుడు ఆ గుర్తు పోయి, జనం దిక్కు తెలియక అందరినీ చూసి తప్పుకునేవాళ్లు. పైవాళ్లు పులివెందులలో కూర్చోబెట్టి రాజీ చేశారు. రాజీలో మొదటి మాట, మిద్దెల మీది రాళ్లు దించడం. మా పక్క ఇళ్ల పైకప్పులు చదునుగా ఉంటాయి. మిద్దె మీద రాళ్ల కుప్ప ఉందంటే ఆ ఇల్లు సిద్ధంగా ఉందని అర్థం, మాటల్లో చెప్పక్కర్లేదు. ఒకే రోజు రెండు ఊళ్లూ రాళ్లు దించి పాడుబావిలో పోశాయి. రాజీలో చివరి మాట పెంచలయ్య తిరిగి రావడం. దానికి చెన్నకేశవ ఒప్పుకోవాలి. మూడు నెలలు ఏ మాటా చెప్పకుండా, ఆ శుక్రవారం కబురు పెట్టాడు: "సోమవారం రమ్మను. చూస్తా."

చూస్తా అంటే ఏమిటో ఎవరికీ తెలియలేదు. గురవమ్మ మాత్రం ఇంటి ముందర ఎర్రమన్నుతో అలికింది.

ద్రాక్షతోట నారాయణస్వామిది. అతనూ నేనూ జమ్మలమడుగు హైస్కూల్లో ఒకే బెంచీ. నేను అదే ఊళ్లో శాఖా గ్రంథాలయం చూసుకునేవాణ్ణి. ఒకరోజు వచ్చి బల్ల మీద చెయ్యేసి, "నీకు ఇంగ్లీషు వస్తుంది కదప్పా, రెండు దినాలు నాకియ్యి" అన్నాడు.

"దేనికి?"

"బెంగళూరు పక్కన ద్రాక్షతోటలకు జనం బస్సులేసుకుని పోతాండారు. తోటలో తిరుగుతారు, వైన్ తాగుతారు, కొత్త రకం బొమ్మలు చూసుకుంటారు, దుడ్లిచ్చి పోతారు. మనకేం తక్కువ? గండికోట ఉండాది, తోట ఉండాది."

"వైన్ యాడుండాది?"

"అది ఈసారికి వాళ్లే తెచ్చుకుంటారులే. వాళ్లకు నచ్చితే నేను ఫ్యాక్టరీ పెడతా."

అలా శనివారం పొద్దున నేను కమాల్ బాషా చిన్న బస్సు ఎక్కాను. కమాల్ బాషాది ప్రొద్దుటూరు. పెళ్లిళ్లకూ పార్టీ మీటింగులకూ బస్సు తిప్పేవాడు. వచ్చినవాళ్లు పదకొండు మంది. నలుగురు బొమ్మలు వేసేవాళ్లు, మిగతావాళ్లు బొమ్మలు కొనేవాళ్లో, వైన్ మీద ఇష్టం ఉన్నవాళ్లో, ఊరికే వచ్చినవాళ్లో. గండికోటలో పెన్నా లోయ అంచున కుర్చీలు వేసుకున్నారు. ఒకాయన లోయకు వీపు పెట్టి కూర్చుని, రెండు గంటలు ఆలోచించి, తెల్లటి గుడ్డ మీద ఒకే ఒక ఎర్రగీత గీసి లేచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

కమాల్ బాషా నా చెవిలో అడిగాడు. "సార్, లోయ ఇంతుంటే ఆయప్ప గీతొకటే గీసినాడే. మిగతాది రేపు గీస్తాడా?"

"అయిపోయిందంట బాషా."

"గీత గీసేకి ఈడిదాకా రావాల్నా? డీజిలు దండగ."

నాకూ అదే సందేహం. కానీ జీవితమంతా పుస్తకాలు చదివినవాణ్ణి కాబట్టి, తెలిసినట్టు తల ఊపాను.

ఆదివారం పొద్దున తోటకు వచ్చారు. ఫిబ్రవరి నెల, పందిళ్ల కింద గుత్తులు నీలంగా తిరుగుతున్నాయి. నారాయణస్వామి మాంసానికీ మంచుగడ్డలకూ పులివెందుల పోయాడు. బొమ్మలవాళ్లలో వినుత అని ముప్పై ఏళ్ల అమ్మాయి ఉంది, జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, మాట తక్కువ. ఆమె రంగులు ముట్టదు. దొరికిన వస్తువులను ఒకచోట పేర్చి పెట్టడమే ఆమె చేసే కళ. రెండేళ్ల కిందట ఎక్కడో పాత చెప్పులు పేర్చిందట, పత్రికల్లో రాశారట. ఇక్కడ ఆమెకు రాళ్లు కావాలి. ఆమె చెప్పింది నేను గురవమ్మకు తెలుగులో చెప్పాను: ఈ నేల రాళ్లను ఈ ఊరి చేతులే ఏరాలి. ఎలాంటివి ఏరాలో తను చెప్పదు. చేతికి ఏది తోస్తే అది.

గురవమ్మ కొంగు బిగించి విన్నది. "రాళ్లేరితే కూలిస్తారంటనా?"

"ఇస్తారంట."

"చేన్లో రాళ్లేరితే చేనన్నా బాగవుతుంది. వీటితో ఏం బాగవుతుంది సార్?"

"చూసేకంట."

"రాళ్లనా?" పక్కనున్న ముగ్గురు ఆడవాళ్లూ నవ్వారు. "సరేలే. యాడ పొయ్యాల?"

వినుత వేలు పెట్టి చూపించింది. ద్రాక్షపండ్లు పెట్టెలకెత్తే గది మిద్దె. కొండ ముందర, ఆకాశానికి ఆనుకుని ఉన్నట్టు కనపడే మిద్దె. వంక అవతలికి కూడా అది అలాగే కనపడుతుంది.

గురవమ్మ నవ్వు ఆగింది. నా ముఖం చూసింది. "మిద్దె మీదనా? తోట సామికి తెలుసునా?"

ఇక్కడ నేను చెయ్యవలసిన పని ఒకటే. ఈ ఊళ్లో మిద్దె మీద రాళ్లంటే ఏమిటో ఆ అమ్మాయికి చెప్పడం. ఇంగ్లీషులో రెండు వాక్యాలు. కానీ మేము ఇలాంటి మనుషులమని పై ఊరివాళ్ల ముందు నా నోటితో చెప్పడానికి సిగ్గేసింది. పైగా ఇదంతా పాత మాట కదా, రాజీ అయింది కదా, అవి రాళ్లే కదా అనుకున్నాను. ఏమనుకున్నానో ఇప్పుడు సరిగా చెప్పలేను. "తెలిసే ఉంటుందిలే" అన్నాను.

గురవమ్మ తట్ట అందుకుంది. నలుగురూ చేను గట్టు వెంబడి తట్టలు నింపారు. మధ్యలో ఆమె మరునాటి సంగతే చెబుతూ వచ్చింది. మొగుడికి సంగటి అలవాటు తప్పిందేమో, ప్రొద్దుటూరులో రోజూ హోటలు అన్నమే, బొత్తిగా పలచబడ్డాడు. మాట్లాడుతుంటే ఆమె చెయ్యి తనంతట తాను వంగి లేచేది. చూపు అటు ఉండేది కాదు. పదకొండుకల్లా మిద్దె మధ్యలో నడుమెత్తు కుప్ప లేచింది. వినుత కొన్నింటిని వరుసలుగా సర్ది, దూరం పోయి చూసి, మళ్లీ వచ్చి సర్ది, కళ్లు మూసుకుని నిలబడింది.

తర్వాత పందిరి కింద వైన్ తెరిచారు. గ్లాసు తిప్పుతారు, వాసన చూస్తారు, కొంచెం నోట్లో పోసుకుని పుక్కిలిస్తారు, బకెట్లో ఉమ్మేస్తారు. ఆ బకెట్టు తెచ్చిపెట్టింది గురవమ్మే.

"సార్, తాగేకి తెచ్చుకుని ఉమ్మేస్తాండారేంది? పాడైపోయినాదా?"

"రుచి చూస్తున్నారంతే."

"మా ఊర్లో ఇట్ల ఉమ్మేసే మొగోడు ఒక్కడున్నా ఆడోళ్లు బాగుపడేవాళ్లు."

ఈ మాట ఇంగ్లీషులో చెబితే వాళ్లు బాగా నవ్వారు. ఆ పొద్దంతా నేను ఇంగ్లీషులోకి సరిగ్గా తర్జుమా చేసిన వాక్యం అదొక్కటే.

మధ్యాహ్నం కమాల్ బాషా తొండూరు నుంచి తాగేనీళ్లు తీసుకుని వచ్చాడు. బస్సు దిగుతూనే నన్ను పక్కకు పిలిచాడు.

"సార్, కొత్తపల్లెలో తలుపులేసుకుంటాండారు. బర్రెల్ని కూడా లోపలికి తోలుతాండారు. ఇద్దరు మిద్దెక్కి ఈ పక్కకే చూస్తాండారు. నా బస్సు నిలిపి లోపల తొంగిచూసినారు. 'ఎంతమందిని దించినావు?' అనడిగినారు."

"నువ్వేమన్నావు?"

"పదకొండు మంది అన్న్యా. ఉన్నదే కదా చెప్పినా! 'యాడి నుంచి' అన్న్యారు. బెంగళూరు అన్న్యా. ఆ మాటతో వాళ్ల ముఖాలు మారిపోయినాయి సార్. నాకేం అర్థం కాలా."

నాకు అర్థమైంది. బెంగళూరు నుంచి మనుషులను దించడమంటే మా పక్క ఒకే అర్థం, కొట్లాటకు కిరాయి మనుషులను తెచ్చుకోవడం. గురవమ్మ వెనకే నిలబడి విన్నది. మిద్దె మెట్లెక్కింది. నేనూ ఎక్కాను. కుప్పలోంచి ఒక రాయి తీసి పిడికిలి మూసింది. ఇంకొకటి తీసింది. అదీ పిడికిలికి సరిపోయింది. మూడోది, నాలుగోది.

"సార్, ఇవన్నీ విసిరే రాళ్లు" అంది. "పెద్దవి లేవు, పలకలు లేవు. నేను చూసి ఏరలేదు సార్. చెయ్యే ఏరింది."

చేతికి తోచింది ఏరమని వినుత అడిగింది. ఆ చేతికి తోచేది ఇదే.

"దించేద్దాం, తొందరగా దించేద్దాం" అన్నాను నేను.

"ఇప్పుడు మిద్దె మీద మనుషులు వంగి రాళ్లు పట్టుకుని లేస్తాంటే, దించుతాండారని అనుకుంటారా ఆపక్కోళ్లు?"

నిజమే. ఉంచినా తప్పు, ముట్టుకున్నా తప్పు. అప్పుడే నారాయణస్వామి మాంసం సంచితో వచ్చి, కింది నుంచి కుప్పను చూసి, సంచి అక్కడే జారవిడిచాడు.

"ఎవరు పెట్టమన్న్యారు? నీకు బుద్ధుండాదా అప్పా? సదువుకున్నోనివి!" నన్నే అన్నాడు. "పులివెందులకు ఫోన్ చేస్తా. పెద్దోళ్లు వస్తే సర్దుబాటు చేస్తారు."

గురవమ్మ మెట్లు దిగివచ్చి అడ్డంగా నిలబడింది. "పెద్దోళ్లు వస్తే ఒంటిగా వస్తారా సామీ? పది జీపులొస్తాయి. జీపులు చూస్తే వాళ్లు ఇంగో పది జీపులు పిలుస్తారు. రేపు మా ఇంటాయప్ప బస్సు దిగాల. నువ్వు ఫోన్ చెయ్యొద్దు. నేను పోయొస్తా."

"యాడికి?"

"చెన్నకేశవ మామ కాడికి."

కొట్లాట రోజుల్లో కూడా ఆడవాళ్లు బిందె పట్టుకుని వంక దాటేవాళ్లు. వాళ్లను ఎవరూ ముట్టుకోరని ఒక కట్టుబాటు. అది ఎవరూ కాగితం మీద రాసింది కాదు. గురవమ్మ చేతికి బిందె లేదు. అటూ ఇటూ చూసి, వైన్ ఉమ్మిన బకెట్టు ఒంపేసి, అది పట్టుకుని పోయింది.

అక్కడ ఏం జరిగిందో ఆమె తర్వాత చెప్పింది. చెన్నకేశవ తలుపు తెరిచి నిలబడ్డాడట. "మామా, నువ్వే వచ్చి ఒక్కసారి చూసిపో. పట్నమోళ్లు పెట్టుకున్నారు. కొట్లాటకు కాదు" అందట.

"ఎనిమిదేండ్లకు మామా అని పిలుస్తాండావే" అన్నాడట.

"పిలిస్తే పలుకుతావని ఎనిమిదేండ్లు ఎవురు చెప్పినారు నాకు?"

అతను వచ్చాడు. అరవై దాటిన మనిషి, భుజాన తువ్వాలు, మూసుకుపోయిన ఎడమ కన్ను. వెంట వచ్చిన ఇద్దరు తోట గేటు దగ్గరే ఆగారు. బెంగళూరు వాళ్లకు మాత్రం శానా సంతోషమైంది. ఊరి పెద్దమనిషి తమ కళ చూడటానికి వచ్చాడు! ఒకాయన గ్లాసు చేతికిచ్చాడు. చెన్నకేశవ వాసన చూసి తిరిగి ఇచ్చేశాడు. "పండ్లు తినేకి ఏం రోగం వీళ్లకు?"

మిద్దె ఎక్కాక వినుత అతని పక్కన నిలబడి నెమ్మదిగా ఏదో చెప్పింది.

"ఏమంటాండాది ఆ పాప?" అన్నాడు నాతో.

నేను ఉన్నదున్నట్టే చెప్పాను. "రాయిని చూస్తే ఎవరికి ఏది జ్ఞాపకం వస్తే అదే దీని అర్థమంట."

అతను నా ముఖంలోకి చూశాడు, ఎగతాళి చేస్తున్నానేమో అన్నట్టు. తర్వాత కుప్ప చుట్టూ ఒకసారి తిరిగాడు. మా గ్రంథాలయంలో పుస్తకాన్ని అంత శ్రద్ధగా చూసినవాళ్లు తక్కువ.

"పేర్చినోళ్లకు ఏమీ తెల్దు. నడిమధ్యన పోసినారు. అంచుకు పొయ్యాల. ఈడ వంగి తీసుకునే లోపల ఆపక్కోని రాయి నెత్తిన పడుతుంది." ఒక రాయి తీసి అరచేతిలో ఆడించాడు. "ఏరినోళ్లకు మాత్రం బాగా తెలుసు. ఎవురు ఏరినారు?"

"ఆయన ఏమంటున్నారు?" అని వినుత అడిగింది.

"బాగుంది అంటున్నారు" అన్నాను.

గురవమ్మ ముందుకు వచ్చింది. నారాయణస్వామి ఆమె మోచెయ్యి పట్టి వెనక్కి లాగబోయాడు. "కూలోళ్లు ఏరినార్లే చెన్నకేశవా, ఎవరో..."

"నేనే ఏరినా మామా."

చెన్నకేశవ చేతిలోని రాయి ఆగింది. "ఈ పొద్దొకటేనా?"

ఆమె ఈ పొద్దొకటే అని ఉండవచ్చు. అలా అంటే నమ్మడానికి అతనూ సిద్ధంగానే ఉన్నాడేమో, నాకు తెలియదు. రేపటి బస్సు ఆ ఒక్క మాట మీద ఉంది. ఆమె రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.

"ఆ పొద్దు కూడా. తట్ట తలకెత్తుకుని మెట్లెక్కి ఇచ్చింది నేనే. ఏ రాయి ఎవురి చేతికి పోయిందో నేను చూళ్లేదు మామా. పోయినవన్నీ నేను ఏరినవే."

తోటలో కిలకిలా నవ్వులు, గ్లాసుల చప్పుడు. ఎర్రగీత గీసినాయన కిందనుంచి మా ఫోటో తీశాడు. చెన్నకేశవ ఆ రాయిని తువ్వాలు చెంగులో వేసి ముడి కట్టాడు.

"దించేదా మామా?" అంది గురవమ్మ.

"ఎందుకు? చూసేకి పెట్టినారంట కదా. చూడనీ." మెట్ల దగ్గర ఆగి, ఇటు తిరగకుండా అడిగాడు. "రేపు బస్సు ఎన్ని గంటలకు?"

"ఏడున్నరకు."

గేటు దగ్గరి ఇద్దరితో అతను అన్న మాట మాకు వినపడింది. "రాళ్లేలేరా. పట్నమోళ్లు ఆటలాడుకుంటాండారు. తలుపులు తియ్యమను." ఆ మాట విని నారాయణస్వామి కూలబడ్డాడు. గురవమ్మ కూలబడలేదు. తువ్వాలులో రాయి ఎందుకు తీసుకుపోయాడో ఆమెకు తెలియలేదు. నన్నడిగింది, నాకూ తెలియలేదు. సాక్ష్యానికి పట్టుకుపోయాడంటాడు నారాయణస్వామి. నచ్చి తీసుకుపోయాడని వినుత అనుకుంది. తన పనిలోంచి ఒకరు ఒక ముక్క ఇంటికి తీసుకుపోవడం ఇదే మొదటిసారని కళ్లనీళ్లు పెట్టుకుంది. సాయంత్రం అందరూ బస్సెక్కి వెళ్లిపోయారు.

నేను ఉండిపోయాను. సోమవారం ఏడింటికి రోడ్డు మీది కూడలికి పోయాను. బస్సు ఆగేది కొత్తపల్లె వైపున, టీ అంగడి ముందర. చెన్నకేశవ అప్పటికే బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆ రాయి, దాని కింద ఆనాటి పేపరు. గాలికి ఎగరకుండా పెట్టాడో, మాకు కనపడాలని పెట్టాడో. గురవమ్మ వంక ఇవతలి గట్టున నిలబడింది. దాటి రాలేదు.

బస్సు ఎనిమిదికి వచ్చింది. పెంచలయ్య ఒక సంచి, చంకలో దుప్పటి మూటతో దిగాడు. చెన్నకేశవను చూసి దిగిన చోటే నిలబడిపోయాడు. బస్సు పోయింది. ఇద్దరి మధ్య పది అడుగులు.

"రా" అన్నాడు చెన్నకేశవ.

పెంచలయ్య వచ్చాడు. చెన్నకేశవ పేపరు మడిచి చంకలో పెట్టుకుని, రాయి తీసి అతని చేతిలో పెట్టాడు.

"ఇది మీ ఇంటిది. ఇంటికి తీస్కపో."

"ఏంది మామా ఇది?"

"మీ ఆడమనిషిని అడుగు." టీ అంగడాయనతో, "ఇతనికొక టీ పొయ్యి" అని, తను తాగకుండానే లేచిపోయాడు.

పెంచలయ్య టీ తాగాడు. గ్లాసు ఒక చేతిలో, రాయి ఒక చేతిలో. రెండిటినీ మార్చి మార్చి చూసుకున్నాడు. తర్వాత వంకలోకి దిగాడు. నల్లగుట్టపల్లె జనం గట్టున చేరి ఉన్నారు. ఎనిమిదేళ్ల తర్వాత పెంచలయ్య కొత్తపల్లె దిక్కునుంచి, చేతిలో రాయి పట్టుకుని తమ మీదికి నడిచి వస్తుంటే, కొందరు నిజంగానే వెనక్కి జరిగారు. ఒకామె, "అయ్యో, వీడికేమయిందే!" అంది.

గురవమ్మ ఎదురు పోయి రాయి తీసుకుంది.

"నాకిచ్చినాడు. నిన్నడగమన్న్యాడు. ఏంది ఇది?"

"రాయి. నడువు, సంగటి చల్లారిపోతాది" అంది.

ఆ తోటలో ఫ్యాక్టరీ రాలేదు. రెండేళ్లకు బోర్లు ఎండి ద్రాక్ష పోయింది, చీనీ, అంటే బత్తాయి, వచ్చింది, తర్వాత కాలవ నీళ్లొచ్చి అరటి వచ్చింది. మిద్దె మీది రాళ్లను నారాయణస్వామి మెల్లగా గట్టుకు వాడుకున్నాడు. బెంగళూరు నుంచి నాకొక నున్నటి పుస్తకం వచ్చింది. అందులో ఒక పుట నిండా ఆ కుప్ప, అంచున చెన్నకేశవ వీపు, సగం గురవమ్మ. గురవమ్మకు చూపిస్తే, "ఇంత మంచి కాగితం మీద రాళ్లు అచ్చేసినారే" అంది. చెన్నకేశవ పోయినప్పుడు మొగుడూ పెళ్లామూ ఇద్దరూ వంక దాటి పోయి వచ్చారు.

ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "మిద్దె మీద నువ్వన్న మాట పెంచలయ్యకు చెప్పినావా?"

"ఏమని చెప్పేది సార్? ఆ పొద్దు తట్ట ఎవురందించినారో ఆయప్పకు తెల్దా? నా చేతిలోనుంచి తీసుకున్నోడే కదా."

నేను అప్పటిదాకా ఆ దిక్కు ఆలోచించలేదు. అతనికి తెలుసు. ఎనిమిదేళ్లు మూటలు మోస్తూ ఎవరికీ చెప్పలేదు. చెన్నకేశవకు కూడా ముందే తెలుసేమో. తెలియనిది ఎవరికి, ఆమె ఆ రోజు ఎవరికి చెప్పినట్టు, నాకు అంతుపట్టలేదు.

మొన్న పోయినప్పుడు గురవమ్మ తన ఇంటి మిద్దె మీద మిరపకాయలు ఆరబోసుకుంటోంది. పట్టా గాలికి లేవకుండా మూడు మూలల ఇటుకలు, నాలుగో మూలన ఒక రాయి. ఆ మిద్దె మీద రాయి అదొక్కటే.

"అదేనా గురవమ్మా?"

"ఏమో సార్, అదే అనుకుంటా. రాళ్లన్నీ ఒక తీరుగానే ఉంటాయి కదా."

అని వంగి తీసి, పిడికిలి మూసి చూసుకుని, మళ్లీ ఆ మూలనే పెట్టింది.